రైలు దారుల నుండి గణన యంత్రాల దాకా
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. పటంలో గీత పడింది గాని పట్టాలు తెగలేదు. బళ్లారి నుండి గుంతకల్లుకు, హోసపేటకు, రాయదుర్గానికి రైలు దారులున్నాయి. గుంతకల్లు నుండి ఆదోనికి, గుత్తికి, డోనుకు మరల శాఖలు. ఊళ్లను బిందువులుగా, దారులను గీతలుగా భావిస్తే, గణితజ్ఞులు గ్రాఫ్ అని పిలిచే నిర్మాణం అదే.

బళ్లారిలో బయలుదేరిన వార్త తొలి విడతలో పొరుగు కూడళ్లకు, మలి విడతలో వాటి పొరుగులకు చేరుతుంది. లెక్కించేవాడు ఒక్కడే అయితే ఒక్కొక్క ఊరినే చూడాలి. పదిమంది ఉంటే ఒక విడతలోని ఊళ్లను పంచుకొని ఒకేసారి చూడవచ్చు. ఇదే సమాంతర గణన. అయితే చిక్కులు లేకపోలేదు. ఒకే ఊరిని ఇద్దరు లెక్కలోకి తీసుకోవచ్చు. ఒకరికి రెండు దారుల ఊరు, మరొకరికి వేయి దారుల కూడలి దక్కితే మొదటివాడు ఊరకే కూర్చుంటాడు. అన్నిటికంటె పెద్ద చిక్కు మెమరీది. పొరుగు ఊళ్ల వివరాలు అందులో చెల్లాచెదరుగా ఉండడం వల్ల యంత్రం లెక్కకంటె ఎదురుచూపుకే ఎక్కువ కాలం వెచ్చిస్తుంది.

2007లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ 600 డాలర్ల గ్రాఫిక్స్ కార్డుపై, కోటి బిందువుల గ్రాఫ్‌లో ఒక బిందువు నుండి తక్కినవాటికి అతి దగ్గరి దారులను 1.5 సెకన్లలో కనుగొన్నారు. ఒంటరి యంత్రానికి ఉత్తమమైన పద్ధతి సమష్టి యంత్రానికి ఎల్లప్పుడూ ఉత్తమం కాదని కూడ వారు గుర్తించారు.

ఆ కార్డు లోపలి నిర్మాణం మారదు. ఎఫ్.పి.జి.ఎ. అనే చిప్‌లోనైతే కర్మాగారం దాటిన తరువాత కూడ లోపలి కలయికలను తిరిగి అమర్చవచ్చు. జైలింక్స్ సంస్థ 1985లో తెచ్చిన తన తొలి చిప్‌లో అటువంటి ఘటకాలు 64 ఉండేవి. సాధారణ ప్రాసెసర్‌కు సమస్య ఒదగాలి. ఇక్కడ యంత్రమే సమస్యకు ఒదుగుతుంది. చూసిన బిందువుకు ఒక గుర్తు చాలు కనుక, కోటి బిందువులకు కోటి బిట్లు, అనగా 12.5 లక్షల బైట్లు చాలును. నేటి పెద్ద చిప్‌లలోని చిన్న చిన్న మెమరీలలో ఇవి ఇముడుతాయి. ఆ మెమరీలన్నిటినీ ఒకేసారి చదవవచ్చు, ఎదురుచూపు తగ్గుతుంది. లోపమూ ఉంది. అమరికను సిద్ధం చేయడానికే గంటలు పట్టవచ్చు. గీతల జాబితా పెద్దదైతే బయటి మెమరీని ఆశ్రయించక తప్పదు.

సరిహద్దు ప్రాంతపు తెలుగు మాధ్యమ విద్యార్థికి పై చదువుల ఇంగ్లీషు ఎదురైనప్పుడు తాను వెనుకబడినట్లు తోచడం సహజం. తల్లిదండ్రులకూ ఆ బెంగ ఉంటుంది. అయితే ఈ శాస్త్రంలో వేగం పెరిగింది, ఆలస్యం ఎక్కడ జరుగుతున్నదో కనిపెట్టిన ఆలోచన వల్ల. ఆ ఆలోచనను బోధించడానికి గుంతకల్లు జంక్షన్ చాలు. పారిభాషిక పదాలు తరువాతనైనా వస్తాయి. విషయం తొలుత తల్లిభాషలో మనసుకు పట్టాలి. ఈ విద్యాలయం 75 ఏండ్లుగా చేస్తున్న ఆ సేవ ఇకముందు కూడ నిరాటంకంగా సాగుగాక! స్వస్తి.