వెండి నిజము, నాణెము అబద్ధము



గ్రంథాలయము నేర్పు మొదటి విద్య చదువుట. వ్రాతలోని నిజానిజములను వేరుచేయుటయు చదువే. నేటి ప్రసంగమునకు విషయము కాగితముపై వ్రాత కాదు, వెండిపై వ్రాత.

షేర్షా పాలనలో (1540–1545) వెలువడిన వెండి రూపాయి తూకము సుమారు 178 గ్రెయినులు, నేటి లెక్కకు పదకొండున్నర గ్రాములు. మొగలు పాదుషాలు ఆ తూకమునే అనుసరించిరి. వారి నాణెములపై పాదుషా నామము, టంకసాల పేరు, పాలనా సంవత్సరము పారసీక లిపిలో నుండును.

ఆ నాణెములను అనుకరించుట నేటి విద్య కాదు. 1736లో ఆర్కాటు నవాబు దోస్తు అలీ కాలమున పుదుచ్చేరి ఫ్రెంచివారు ఆర్కాటు రూపాయలు ముద్రించు హక్కును పొందిరి. ఆంగ్ల కంపెనీవారును మద్రాసులో అట్లే ముద్రించిరి. రెండవ ఆలంగీరు 1759లో హతుడయ్యెను. అయినను కంపెనీవారు ఆయన పేరును, హిజరీ 1172ను, ఆరవ పాలనా సంవత్సరమును మార్చక, 19వ శతాబ్దమున యంత్రములతో గూడ ఆ రూపాయలనే కొట్టిరి. చనిపోయిన చక్రవర్తి పేర బ్రతికియున్నవారు బేరసారములు నడపిరి. ఆ నాణెముపై సంవత్సరము అబద్ధము, వెండి మాత్రము నిజము. కావున పుచ్చుకొన్నవాడు మోసపోలేదు.

రెండవ విధమైన అనుకరణము వేరు. అది మారకమునకు గాక, పాత నాణెములు సేకరించువారి ముచ్చట కొరకు పుట్టినది. జహంగీరు కాలమున రాశుల బొమ్మలతో వెలువడిన రూపాయలు మిక్కిలి అరుదు. కావుననే వానికి నకళ్లు మిక్కుటము. నకలును నకలని చెప్పి అమ్మిన దోషము లేదు. పురాతనమని చెప్పి అమ్మినప్పుడే అది మోసము. 1818 అంకెతో, దేవతామూర్తులతో కంపెనీ నాణెములని అమ్మబడు బిళ్లలు కంపెనీ ముద్రించినవి కావు. ఒక నాణెము బియ్యపుగింజలను ఆకర్షించునని నమ్మి కష్టార్జితము పోగొట్టుకొన్నవారును కలరు.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుగన్నది. అక్కడి ఒరగల్లు లోహమును చెప్పును గాని కాలమును చెప్పదు. మేలిమి వెండితో నిన్న చేసిన నకలు ఒరగల్లు పరీక్షలో నెగ్గును. అందుచేత వేరు పరీక్షలు కావలెను. పాత రూపాయి సుత్తిదెబ్బతో ముద్రపడినది. అచ్చు బిళ్లకంటె పెద్దది గనుక అక్షరములు అంచున తెగిపోవును. ఏ రెండు నాణెములును సరిగా ఒక్క రీతిగా నుండవు. రెండింటియందు ఒకే చోట ఒకే లోపము కనబడినచో అవి ఒకే మూసలోని పోతలని అనుమానింపవలెను. పోత నాణెముపై సన్నని రంధ్రములు, అంచున అతుకుగీత, ఆకురాయి జాడలు కానవచ్చును. తూకమును తప్పక చూడవలెను.

ఇంకొక నష్టము గలదు. జమ్మలమడుగు దాపుననున్న గండికోటకు 1652లో తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. అట్టి రాకపోకలు గల సీమ ఇది. పులివెందుల చేలలో నాగలిచాలున ఒక నిజమైన రూపాయి దొరికెననుకొందము. రైతు దానిని తూకపు ధరకు అమ్మును. అది మూసలో కరగి గొలుసగును. అదే దినమున పట్టణమున వేరొకడు నకలును వేయింతల వెలకు కొని పెట్టెలో భద్రపరచును. నిజము కరగిపోయి అబద్ధము నిలిచినచో రాబోవు తరమువారు దేనిని చూచి చరిత్ర వ్రాయుదురు?

పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించినది. ఇంటిలో తాతలనాటి నాణెమున్నవారు దానిని తోమి మెరుగుపెట్టరాదు. అది ఎవరినుండి వచ్చినది, ఎక్కడ దొరికినది, తూకమెంత అను మూడు మాటలను ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచవలెను. ఆ కాగితము ప్రతి ఒకటి ఈ గ్రంథాలయమున నుండుట మేలు. నాణెము చేతులు మారినను దాని జన్మవృత్తాంతము ఊరిలో నిలుచును. నకళ్లు చేయువాడు వెండిని తేగలడు, అచ్చును చెక్కగలడు. ఆ వృత్తాంతమును మాత్రము పోతపోయలేడు.