ఒకే బొగ్గు - రెండు పగార్లు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి పండుగనాడు ప్రధానోపాధ్యాయిని ఉత్తీర్ణతా శాతాలు చదవడం ఆనవాయితీ. అవి వార్షిక నివేదికలో ఉన్నాయి. ఈనాడు ఒక బాలిక నన్నడిగిన ప్రశ్నను మీ ముందుంచదలచాను.

ఉత్సవాలలో భాగంగా "కార్మిక సంఘాలు అవసరమా?" అనే అంశంపై వక్తృత్వ పోటీ నిర్వహించాము. పోటీకి సిద్ధమవుతున్న పదవ తరగతి బాలిక ఒక పాత పత్రిక కత్తిరింపు తెచ్చి, "టీచరమ్మా, విమానం నడిపేటోళ్లకు గూడ యూనియన్ కావాల్నా? వాళ్లకు లక్షల పగార్ ఉంటది గద!" అని ఆశ్చర్యపోయింది.

నాకు తెలిసినంతవరకు చెప్పాను. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం ఏర్పాటు చేసుకున్నారు. ముందు నిలిచిన ఇద్దరిని సంస్థ తొలగించింది. ఆ సెప్టెంబరులో వందలాది పైలట్లు అనారోగ్యపు సెలవు పెట్టారు. అయిదు రోజులపాటు ఎన్నో విమానాలు నిలిచిపోయాయి. తొలగించినవారిని తిరిగి తీసుకోవడానికి సంస్థ అంగీకరించిన తరువాతనే అవి ఎగిరాయి. అదే సంస్థ 2019 ఏప్రిల్ 17న మూతపడినప్పుడు అదే పైలట్లకు నెలల జీతం బకాయి ఉండిపోయింది. సంఘం ఉద్యోగానికి రక్షణ ఇవ్వగలదు గాని, ఖాళీ అయిన ఖజానాను నింపలేదు. ఈ రెండు పాఠాలనూ కలిపి చదువుకోవాలి.

అమెరికాలో మరొక చిత్రం కలదు. అక్కడ పెద్ద విమాన సంస్థ తన పేరుతో టిక్కెట్టు అమ్ముతుంది. చిన్న పట్టణాలకు వెళ్లే విమానాన్ని మాత్రం ప్రాంతీయ సంస్థ నడుపుతుంది. విమానం మీది రంగు, పేరు పెద్ద సంస్థవే. నడిపేవారి జీతం మాత్రం అప్పట్లో ఎంతో తక్కువగా ఉండేది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగర సమీపంలో అటువంటి విమానమొకటి కూలి 50 మంది మరణించారు. ఆ దర్యాప్తులో పైలట్ల శిక్షణతోపాటు వారి అలసట, స్వల్ప వేతనం కూడా దేశవ్యాప్త చర్చకు వచ్చాయి. 2022 జూన్‌లో, పైలట్లకు కొరత ఏర్పడిన కాలంలో, కొన్ని ప్రాంతీయ సంస్థలు తమ సంఘంతో ఒప్పందం చేసుకుని కొత్త కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు ఇచ్చాయి. అందులో కొంత భాగం తాత్కాలికమే. అవసరం వేతనాన్ని పెంచింది, సంఘం దానిని సంతకాల కాగితంగా మార్చింది.

ఇదంతా విన్న ఆ బాలిక కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే మా బాపు కథనే గద టీచరమ్మా!" అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. ఆ బిడ్డ తండ్రి గుత్తేదారు కింద డంపరు నడుపుతాడు.

సభాసదులారా, మన ఘుగ్గుస్ కథను ఒకసారి స్మరించుకొందాము. మా నాయనగారు కరీంనగర్ జిల్లా నుండి బతుకుదెరువుకై వచ్చి ఈ ప్రాంతపు గనిలో తట్టా పారా పట్టారు. గనులు ప్రైవేటు యాజమాన్యాల చేతులలో ఉన్న ఆ రోజులలో నింపిన టబ్బుల లెక్కన కూలి. ఆ లెక్క రాసేది మరొకరు. నాయనగారికి చదువు రాదు. "నింపినన్ని టబ్బులు రాసిండ్రో లేదో నాకేమెరుక బిడ్డా!" అనేవారు. 1973 జనవరి చివర ప్రభుత్వం బొగ్గు గనుల నిర్వహణను స్వాధీనం చేసుకొని, మే 1న జాతీయం చేసింది. 1975లో కోల్ ఇండియా, దాని కింద నాగపూర్ కేంద్రంగా వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడ్డాయి. 1975 జనవరి 1 నుండి అమలైన మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం వలన మా ఇంట తొలిసారిగా నెల పగారు, దానితో పాటు ఒక చీటీ వచ్చాయి. ఆ చీటీని చదివి వినిపించడమే నేను చేసిన మొదటి ఉపాధ్యాయ వృత్తి.

ఆ పరంపరలో పదకొండవ ఒప్పందంపై 2023 మేలో సంతకాలు జరిగాయి. 2021 జులై 1 నుండి అయిదేళ్లకు వర్తించేలా 19 శాతం కనీస పెరుగుదల, సుమారు 2.8 లక్షల కార్మికులకు లభించింది. సంఘాల నాయకులు యాజమాన్యానికి ఎదురుగా కూర్చొని సాధించిన ఫలమిది. ఈ సభలో ఉన్న ఆ నాయకులకు నా వందనం.

వందనంతో పాటు ఒక విన్నపం కూడా ఉన్నది. ఆ 2.8 లక్షల మందిలో ఈ బాలిక తండ్రి లేడు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసేవారు, డంపర్లు నడిపేవారు ఎందరో గుత్తేదారుల మనుషులు. వారికై కూడా ఒక ఉన్నతాధికార సంఘం సిఫారసు చేయగా, 2013 జనవరి 1 నుండి నైపుణ్యం అవసరం లేని పనికి సైతం రోజుకు 464 రూపాయలు ఇవ్వాలని కోల్ ఇండియా అంగీకరించింది. తరువాత ఆ రేటు పెరిగింది. కాగితం మీద రేటున్నది. గత ఏడాది ఆ తండ్రి పరీక్ష ఫీజుకు గడువు అడగడానికి వచ్చి, రెండు నెలలుగా పగారు అందలేదన్నాడు. పగారు చీటీ చూపమన్నాను. "చీటీ ఎన్నడియ్యలేదు మేడమ్" అన్నాడు. యాభై ఏళ్ల కిందట మా నాయనగారు అన్న మాటే నా చెవిన మళ్లీ పడింది.

మన పొరుగున సింగరేణిలో 1998 నుండి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న దాదాపు 40 వేల మందికి ఆ హక్కు ఉన్నది. ఎంతో గొప్ప పద్ధతి. కాని ఆ జాబితాలో కూడా కాంట్రాక్టు కార్మికుని పేరు లేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, 51 శాతం కార్మికుల మద్దతు గల సంఘానికి చర్చించే అధికారమిచ్చింది. ఏ కార్మికులలో 51 శాతం? గుత్తేదారు మనుషులను లెక్కించేదెవరు? పెద్దలు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

సంఘాలు నాకు పవిత్ర విగ్రహాలు కావు. నా చిన్నతనంలో రెండు జెండాల వైరం వలన పక్క క్వార్టరు పిల్లలతో ఆడుకోనివ్వని రోజులు చూశాను. సభ్యుల చందా అడిగి, సభ్యుల మాట అడగని నాయకత్వాన్నీ చూశాను. ఆ లోపాలు సరిదిద్దుకోదగినవి. పర్మనెంటు కార్మికులు ఏటేటా పదవీ విరమణ చేస్తున్నారు. వారి స్థానంలో గుత్తేదారు మనుషులు పెరిగితే, రేపు సంఘానికి సభ్యులెవరు? పగారు నిలకడ లేని తండ్రి బిడ్డను బడి మాన్పిస్తే, రేపు ఈ తెలుగు బడికి విద్యార్థులెవరు? రెండింటి భవిష్యత్తు ఒకటే.

బడి చేయగలిగింది బడి చేస్తుంది. ఈ సంవత్సరం నుండి ఎనిమిదవ తరగతి గణితంలో పగారు చీటీ చదవడం ఒక పాఠంగా చేర్చుకున్నాము: హాజరీ రోజులు, మూల వేతనం, ప్రావిడెంట్ ఫండ్ కోత, చేతికి వచ్చేది. ప్రతి నెల రెండవ ఆదివారం ఒక గది తెరచి ఉంచుతాము. చీటీ ఉన్నవారు తీసుకొని రండి, మీ పిల్లలే చదివి వినిపిస్తారు. లేనివారు తమ హాజరీ రోజులు రాసుకొని రండి. సంఘాల పెద్దలలో ఒకరు, ఏ జెండావారైనా సరే, ఆ గదిలో వచ్చి కూర్చోవలసిందిగా ప్రార్థన.

ఆ బాలికకు వక్తృత్వంలో ద్వితీయ బహుమతి వచ్చింది. బహుమతి అందుకోవడానికి తండ్రిని వెంట తెస్తానన్నది. ఆయనకు ఈ రోజు మొదటి షిఫ్టు, సెలవు దొరకలేదు. ఆయన కూర్చోవలసిన కుర్చీ మొదటి వరుసలో ఖాళీగా ఉన్నది. రెండవ ఆదివారం నాటికి ఆయన వస్తాడని ఆశిస్తున్నాను.