గుల్లలో మిగలని బాల్యం: సీకం నత్తల వర్గీకరణ

ఏ గురువుగారి స్మృతికి ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పడిందో, ఆయన తన ఉద్యోగ జీవితమంతా అకశేరుకాల పాఠం చెప్పారు. అందుకే ఆయన పేరిట ఇచ్చే ఈ ఉపన్యాసానికి, అకశేరుకాల్లోనూ కంటికి ఆనని ఒక సముద్రపు నత్తల ప్రజాతిని ఎంచుకున్నాను. దాని పేరు సీకం.

పెరిగిన సీకం గుల్ల సాధారణంగా 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. కొద్దిగా వంగిన గొట్టమే తప్ప, నత్త గుల్లకు ఉండాల్సిన మెలిక కనిపించదు. ఇంగ్లండులో జార్జ్ మాంటెగ్యూ 1803లో వెలువరించిన ‘టెస్టేసియా బ్రిటానికా’లో వీటిలో రెండు జాతులను వర్ణించి, ఏనుగు దంతపు గుల్లలైన డెంటాలియంలో చేర్చాడు. 1813లో స్కాట్లండుకు చెందిన జాన్ ఫ్లెమింగ్ సీకం ప్రజాతిని నెలకొల్పాడు.

రెంటికీ తేడా ఏమిటి? డెంటాలియం గొట్టం రెండు చివరలా తెరిచి ఉంటుంది. సీకం గొట్టానికి వెనుక చివర మూసుకుపోయి ఉంటుంది. డెంటాలియానికి కళ్లు లేవు. సీకం తల మీద రెండు స్పర్శకాలు, వాటి మొదళ్లలో కళ్లు, గుల్ల నోటికి గుండ్రని మూత ఉన్నాయి. ఇవన్నీ నత్త లక్షణాలే.

మరి మెలిక ఏమైంది? పిల్ల గుల్ల మెలికతోనే మొదలవుతుంది. తర్వాత చుట్టుకోవడం మాని గొట్టంలా సాగుతుంది. అప్పుడు నత్త లోపల అడ్డుగోడ కట్టుకుంటుంది, దాని వెనుక ఉన్న మెలిక విరిగి రాలిపోతుంది. ఎదిగే క్రమంలో ఈ కట్టడం, రాలడం మళ్లీ జరుగుతాయి. చివరికి పెద్ద నత్త గుల్లలో దాని బాల్యం ఆనవాలు కూడా మిగలదు.

వర్గీకరణలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే జాతి పిల్లదశలో ఒకలా, పెద్దదశలో మరోలా కనిపిస్తుంది. 1850లలో ఫిలిప్ కార్పెంటర్ ఈ కుటుంబాన్ని శ్రద్ధగా పరిశీలించి, గుల్ల మీద ఉంగరాలున్నవి, నిలువు కమ్ములున్నవి, నున్ననివి అంటూ విభాగాలు చేశాడు. జాతులను గుర్తించడానికి గుల్ల మీది ఆ నగిషీ, అడ్డుగోడ ఆకారం నేటికీ పనికొస్తాయి. చుట్టరికం తేల్చడానికి మాత్రం అవి చాలవు.

సీకం చేరిన సీసిడే కుటుంబాన్ని చాలాకాలం రిస్సోయిడియా అధికుటుంబంలో ఉంచారు. 2013లో క్రిసియోన్, పాండర్ ప్రచురించిన డీఎన్ఏ అధ్యయనం తర్వాత అది ట్రంకటెల్లోయిడియాలోకి మారింది. మన చెరువుల్లో దొరికే బితినియా నత్తలు కూడా ఆ అధికుటుంబంలోనివే. రెండు గుల్లలనూ పక్కపక్కన పెడితే ఈ బంధుత్వం ఎవరికీ తట్టదు.

కొన్ని సీకం జాతులు ఇసుక రేణువుల సందుల్లోనే బతుకుతాయి. అలాంటి సందుల్లోని జీవలోకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరంలో పరిశోధించి 1962లో ప్రచురించారు. ఆ దారి మనకు కొత్తది కాదు.

విద్యార్థులకు నా విన్నపాలు కొన్ని. తీరానికి వెళితే సన్న జల్లెడ పట్టుకెళ్లండి, పిల్ల గుల్లలు జారిపోకూడదు. నమూనాలో కొంత గుల్లల కోసం పొడిగా, కొంత డీఎన్ఏ కోసం ఆల్కహాలులో దాచండి. సీసా మీద చోటు, తేదీ, లోతు రాయండి. పిల్ల నుంచి పెద్ద దాకా వరుస చేతికి చిక్కేవరకు ఏ గుల్లకూ కొత్త జాతి పేరు పెట్టకండి.