బలం మరిచిపోయే మర్దన

మర్దన అనగానే గట్టిగా పిసకడమే గుర్తొస్తుంది. శోషరస (లింఫ్) మర్దన నేర్చుకోవడానికి వచ్చిన అనుభవజ్ఞులు ముందు ఆ బలాన్నే మానుకోవాలి. డెన్మార్క్ దంపతులు ఎమిల్, ఎస్ట్రిడ్ వాడర్ 1930లలో ఫ్రాన్సులో రూపొందించిన పద్ధతి ఇది. శోషరస నాళాలు కొన్ని చర్మం కిందే ఉంటాయి కనుక చర్మాన్ని మెల్లగా సాగదీస్తే చాలు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని శోషరస గ్రంథులు తీసేశాక ఆ ద్రవం నిలిచిపోయి కొందరికి చెయ్యి వాస్తుంది. థెరపిస్టు మొదట ఆ చేతిని ముట్టుకోరు. మెడ, ఛాతీ దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా కిందికి వస్తారు. తర్వాత పొరలు పొరలుగా కట్టు కడతారు. నన్నడిగితే అసలు కష్టమైన విద్య ఆ కట్టే!

అమెరికాలో దీనికి ధ్రువపత్ర పరీక్ష రాయాలంటే 135 గంటల శిక్షణ ఉండాలి. అందులో 90 గంటలు చేతులతో చేసే సాధనే. ఎప్పుడు చేయకూడదో కూడా నేర్పుతారు: చర్మం ఎర్రబడి జ్వరమొచ్చినా, సిరలో రక్తం గడ్డకట్టినా, గుండె జబ్బు అదుపులో లేకున్నా చెయ్యి వేయరాదు.

గోదావరి జిల్లాలవారు ఎరిగిన బోదకాలులోనూ పాడయ్యేవి ఈ శోషరస నాళాలే. ఆ జబ్బులో మాత్రం రోగికి ముందు నేర్పేది మర్దన కాదు. కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవడం.