చెత్తబుట్టలో పడేసిన బెల్టు



నాకు బాక్సింగ్ పిచ్చి, అందుకే ఈ ముచ్చట. 1988 సియోల్ ఒలింపిక్స్ సూపర్ హెవీవెయిట్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రిడిక్ బోను లెనాక్స్ లూయిస్ ఓడించాడు. 1992 నవంబరులో బో, హోలీఫీల్డ్ మీద గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇక లూయిస్‌తో తలపడాలని ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ పట్టుబట్టింది. డబ్బు దగ్గర బేరం కుదరలేదు. డిసెంబరులో లండన్‌లో, విలేకరుల ఎదుటే, బో ఆ సంస్థ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు!

పిరికివాడా? హోలీఫీల్డ్‌తో మూడుసార్లు పోరాడినవాణ్ణి నేనలా అనలేను. 45 పోటీల్లో ఓడింది ఒక్కటే. అంత మంచి లెడ్జరు ఎందరికుంటుంది? అయినా ఆయన పేరెత్తితే, లూయిస్‌తో ఎందుకు ఆడలేదనే అడుగుతారు. లూయిస్ రెండుసార్లు నాకౌట్ అయ్యాడు. ఆ ఇద్దరినీ మళ్లీ పిలిచి గెలిచాడు, ఆ ఓటముల సంగతి ఇప్పుడెవరూ పెద్దగా తలవరు.

ప్రమోషన్ పరీక్ష పాసైతే సోలాపూర్ వదలాలని నేను రాయలేదు. ఇంటి బాధ్యతలన్నాను. తప్పుతానేమోనన్న భయమూ ఉంది. నాతో చేరినతను రెండుసార్లు తప్పి మూడోసారి ఆఫీసరయ్యాడు. నేను క్లర్కుగానే రిటైరయ్యాను. రాసి ఉంటే వచ్చేదా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఏం చెప్పను?