తెలియకుండా పంపొద్దు

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో వచ్చే వాయిస్ మెసేజ్‌లను నమ్మాలా అని మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి అడుగుతూనే ఉన్నారు. నా జవాబు ఒక్కటే. తెలియకుండా పంపొద్దు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ ముఠా వచ్చిందన్న పుకారు తెలుగు రాష్ట్రాలు రెండింటా పాకింది. నిజామాబాద్ జిల్లాలో, యాదాద్రి భువనగిరి జిల్లాలో జనం మనుషుల్ని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. అదే ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురు సంచార భిక్షుకులను చంపేశారు. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ణి తిరిగి దించేసి వెళ్లే చివరి ముక్కను ఎవరో కత్తిరించారు.

"జాగ్రత్త కోసమే కదా పంపాం, అబద్ధమైతే పోయేదేముంది?" అంటారు. పోయేది కొత్తముఖం ప్రాణం. వానలు మొహం చాటేస్తే మన మార్కాపురం వైపు మండలాల నుంచి ఎన్ని కుటుంబాలు ఇంటికి తాళం వేసి హైదరాబాద్‌కు, బెంగళూరుకు, గుంటూరు మిరప కోతలకు వెళ్తాయో మీకు తెలుసు. అక్కడ మనవాళ్లే కొత్తముఖాలు. వలస వెళ్లినవాళ్ల కబురు తెచ్చేదీ ఆ ఫోనే కదా అంటే, నిజమే. ఫోన్ మానమని నేననడం లేదు. తెలియకుండా పంపొద్దంటున్నాను.

కంపెనీయే ఆపాలి అన్న మాటలోనూ న్యాయముంది. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు కుదించింది. 2020లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. అయినా అదే పుకారును మన గొంతుతో మళ్లీ రికార్డు చేసి పంపితే ఏ హద్దూ ఆపలేదు. 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి పుకారును ఎదుర్కొన్నారు. జనానికి ముందే నిజం చెప్పడమే అక్కడ పనిచేసింది.

ముఠా మెసేజ్ వస్తే అందులో చెప్పిన ఊళ్లో మీవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. అనుమానం తీరకపోతే 112కి చెప్పండి, గ్రూపుకు కాదు. తెలియకుండా పంపొద్దు, ఎవరి మీదా చెయ్యి చేసుకోవద్దు.