కామాఠీపురా చిరునామాతో కళాశాలకు



ఉన్నత పాఠశాల చదువు గురించి, కళాశాల ఎంపిక గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను విద్యావేత్తను కాను. ముంబై కామాఠీపురాలో, ఒక చాల్‌లోని ఒంటి గదిలో పెరిగినవాడిని. కాబట్టి నాకు తెలిసినంత మేరకే చెబుతాను.

కామాఠీపురా అనగానే లోకానికి తోచేది వేరు. ఆ పేరు మాత్రం మనవారి మూలంగా వచ్చినది. 18వ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల కూలీలు బొంబాయికి వలస వచ్చి రాళ్ళు మోశారు, రోడ్లు వేశారు, మేడలు కట్టారు. వారిని కామాఠీలన్నారు, వారున్న పేట కామాఠీపురా అయినది. ఆ బొంబాయి తెలుగువారిలో గుత్తేదారులై ఎదిగినవారు మహాత్మా ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు వారిలో ఒకరు. 1882లో హంటర్ కమిషన్ ముందు, కింది కులాల పిల్లలకు ప్రాథమిక విద్య ముందుగా కావాలని ఫూలే వాదించిన కాలమది. చదువు మన చాళ్ళకు కొత్తగా వచ్చిన మోజు కాదని చెప్పడానికే ఈ మాట.

మా బాపు కరీంనగర్ జిల్లా నుండి వచ్చి బట్టల మిల్లులో చేరాడు. అవ్వ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడులోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. ముంబై నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. ఏడవ తరగతి దాకా నేను చదివినది అటువంటి బడిలోనే. ఎనిమిదవ తరగతికి మరాఠీ మాధ్యమంలో చేరాను. ఆ సంవత్సరమంతా నాకు లెక్క తెలుసు, లెక్క అడిగిన వాక్యం తెలియదు. 'త్రికోణం' రెండు భాషలకూ ఒకటే గనుక రేఖాగణితం నన్ను గట్టెక్కించింది! చరిత్ర, పౌరశాస్త్రం మాత్రం కంఠస్థం చేయవలసి వచ్చినది. నాతో పాటు బడి మారిన వారిలో కొందరు తొమ్మిదవ తరగతికి రానేలేదు. వారికి తెలివి లేదని ఉపాధ్యాయులు అనుకున్నారు. నేనిప్పటికీ అట్లా అనుకోను.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానివేసిన ఆ సమ్మెను విరమించినట్లు ఎవ్వరూ ఎన్నడూ ప్రకటించలేదు. 1983లో నేను పదవ తరగతి ప్యాసయ్యేనాటికి మా ఇల్లు అవ్వ చుట్టే బీడీల మీదనే నడుస్తున్నది.

మా చాల్ నుండి చౌపాటీ దగ్గరి విల్సన్ కళాశాలకు నడిచి పోవచ్చు. కాలాఘోడాలో ఎల్ఫిన్‌స్టన్ ఉన్నది, అంబేద్కర్ బి.ఏ. చదివినది అక్కడే. ధోబీ తలావ్‌లో సెయింట్ జేవియర్స్. ఇన్ని పేరుగన్న కళాశాలల నడుమ ఉండి మేము చూసుకున్నది ఒక్కటే: ఏ వేళకు తరగతులు ముగుస్తాయి, పనికి ఏ వేళకు పోవచ్చు అని. 1946లో అంబేద్కర్ స్థాపించిన సిద్ధార్థ కళాశాల ఫోర్టులో ఉన్నది. పని చేసుకుంటూ చదివే బీద విద్యార్థుల కోసం అక్కడ ఉదయపు తరగతులు పెట్టారు. నేను చేరినది అందుకే. మధ్యాహ్నం నుండి ఒక కాగితాల దుకాణంలో పద్దులు రాసేవాడిని.

అంతకుముందు మరొక కళాశాలకు వెళ్ళాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. చాలామంది స్నేహితులు చిరునామాలో 'ముంబై సెంట్రల్' అని రాశారు. పిన్ కోడ్ ఎట్లాగూ 400008 కదా, ఉత్తరం చేరుతుంది. నేనూ అట్లాగే రాయబోతే బాపు ఆపాడు. "మన పేరు మీదనే పేటకు పేరు వడ్డది. రాసెటందుకు సిగ్గెందుకు బిడ్డా?" అన్నాడు. కామాఠీపురా అనే రాశాను. గుమాస్తా చదివి పక్కవాడికి చూపి నవ్వాడు. ద్వితీయ భాష గడిలో తెలుగు అని ఉంటే కొట్టివేసి, మరాఠీ రాసుకొమ్మన్నాడు. చిరునామా చూసి నవ్విన నవ్వును మరచిపోయాను గానీ ఆ కొట్టివేత గీత ఇప్పటికీ కళ్ళ ముందున్నది.

"సొంతూరికి పంపించి చదివించవచ్చు కదా" అని మీలో కొందరు అడుగుతారు. మా చాల్‌లోనూ అడిగారు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడి విశ్వవిద్యాలయాలలో 85 శాతం స్థానాలు స్థానికులవి. స్థానికులు కావాలంటే ఆ ప్రాంతంలో వరుసగా నాలుగేళ్ళు చదివి ఉండాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగుదేశంలో స్థానికేతరుడు, మహారాష్ట్రలో కామాఠీ. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయినప్పుడు హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఎదురైనదీ ఇటువంటి సంకటమే.

అందుచేత కళాశాల ఎంపిక పదవ తరగతి తరువాత జరుగుతుందని నేను నమ్మను. మా విషయంలో అది ఏడవ తరగతి వేసవి సెలవుల్లోనే జరిగిపోయినది. మీ పిల్లలు ఎనిమిదిలో ఏ మాధ్యమంలో చేరుతారు, తెలుగు కనీసం ఒక భాషగా అయినా మిగులుతుందా అన్నది అప్పుడే తేల్చుకోండి. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశకు మాత్రమే వర్తిస్తుంది. తరగతిలో పదిమంది గానీ బడిలో నలభైమంది గానీ ఉంటే మాతృభాషలో బోధించాలన్న 1949 నాటి విద్యామంత్రుల నిర్ణయమూ ప్రాథమిక దశకే. మాధ్యమిక దశకు తరువాత ఒప్పుకున్న కొలత వేరు: పై నాలుగు తరగతులలో కలిపి అరవైమంది, ఒక్కొక్క తరగతిలో పదిహేనుమంది. ఇది అడిగితేనే కదలే ఏర్పాటు. పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలతో బడులు తెరవకముందే దరఖాస్తు ఇవ్వాలి. ఒక ప్రతిని 350బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనర్‌కు పంపాలి.

నాతో ఏడవ తరగతి ముగించిన తెలుగు పిల్లలు మా గల్లీలోనే పదిహేనుమందికి పైగా ఉన్నారు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చునని మా పెద్దలకు చెప్పినవారు లేరు.